నలభై ఒకటో గడి

మార్గశిర శుద్ధ దశమి, బుధవారం. మా పెద్దలు ఈ లోపలి ఊరికి వచ్చిన తొంభై నాలుగో ఏడు.

ఈ రోజు పొద్దుటి గంట తరువాత నా గది తలుపు నాకు తెరుచుకోలేదు. అది తెరుచుకునేదాకా రోజూ ఇక్కడ రాస్తాను. నోటి మాట తూములోంచి అవతలికి పోయి, అక్కడి నుంచి ఇంకొకరికి చేరేలోపు మారిపోతుంది. నేను బయటకు రాకపోతే, ఈ గదిలోకి వచ్చినవాళ్ళు జరిగింది జరిగినట్టు తెలుసుకోవాలి.

నా పేరు ఓబుళమ్మ. వయసు డెబ్బై ఒకటి. ముప్పై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పాను. ఇప్పుడు జొన్నల గోదాము లెక్క చూస్తున్నాను. ఉండేది నలభై రెండో గదిలో.

గోదాముకు బయలుదేరి, రోజులాగే తలుపు ముందు నిలబడి పేరు చెప్పాను. "ఆ పేరు మనిషి లేరు" అంది తలుపు. ఒకటో తరగతి పిల్లలకు చెప్పినట్టు విడదీసి మళ్ళీ చెప్పాను. అదే జవాబు. మూడోసారి చెప్పలేదు. రెండుసార్లు తప్పిన పిల్లవాడికి మూడోసారీ అదే ప్రశ్న వేయడం వల్ల ఉపయోగం లేదని నా అనుభవం.

గోడ అడుగున నీళ్ళు పోయే తూము ఉంది. అందులో జానెడు చెయ్యి పడుతుంది. దాని దగ్గర వంగి కేకేస్తే ఎవరో పోయి దస్తగిరిని పిలుచుకొచ్చారు. దస్తగిరి రిజిస్టరు చూసే మనిషి, నా దగ్గర చదువుకున్నవాడు. పక్క గది మాబున్ని కొడుకు. మాబున్ని పోయి రెండు నెలలయింది.

"అవ్వా, ఇంగోసారి పేరు చెప్పు, వింటా."

"నా పేరు నీకు తెలియదా?"

"నాకు తెలుసు. తలుపుకు తెలియాల గదా."

చెప్పాను. అవతల చేతిపెట్టె మీద ఏదో నొక్కుతున్న చప్పుడు.

"నువ్వు లేవంటాంది అవ్వా."

"లేకపోతే నీకు తొమ్మిదో ఎక్కం నేర్పింది ఎవరురా?"

"ఆ ఎక్కం డిస్కులో లేదు గదవ్వా" అన్నాడు. నవ్వబోయి ఆపుకున్నట్టున్నాడు.

ఏ గది తలుపైనా ఆ గది మనిషి గొంతుకే తెరుచుకుంటుంది. తలుపు జానెడు మందం ఇనుము. మంటతో కోయడానికి లేదు. కింది పగుళ్ళలోంచి వచ్చే చెడుగాలికి నిప్పు తగిలితే వరుస మొత్తం అంటుకుంటుంది. సుత్తితో కొడితే నా చెవులు పోతాయి, తలుపు పోదు. సాయంత్రానికి చూద్దామని దస్తగిరి వెళ్ళాడు. సాయంత్రం రాలేదు.

రాత్రికి తూములోంచి జొన్న రొట్టె చుట్టి తోశారు. సంగటి ముద్ద పట్టదట.

ఏకాదశి, గురువారం.

దస్తగిరి పొద్దున్నే వచ్చాడు. రాత్రంతా డిస్కు ముందే కూర్చున్నాడట. గొంతు బొంగురుపోయింది. ఏం చేశాడో వరుసగా చెప్పమన్నాను.

ఊరికి ఉన్నది ఒకే డిస్కు. మొదట లోపలికి వచ్చిన తొలివాళ్ళు తెచ్చింది, ఇంకొకటి చేసుకోవడం ఎవరికీ రాదు. రిజిస్టరు, పంపు లెక్కలు, గాలి లెక్కలు అన్నీ దాని మీదే. రిజిస్టరులో ఐదు వందల తొమ్మిది గడులు ఉన్నాయి, ఊళ్ళో గదులూ అన్నే. పుట్టిన ప్రతి బిడ్డకూ ఒక గడి. ఏ గడి అన్నది పేరే చెబుతుంది. ప్రతి అక్షరానికీ ఒక అంకె ఉంది. పేరులోని అంకెలు కూడి, ఐదు వందల తొమ్మిదితో భాగిస్తే మిగిలేది గడి సంఖ్య. పెద్దయ్యాక అదే సంఖ్య గదిలో కాపురం.

నా పేరు మొత్తం వెయ్యి యాభై తొమ్మిది. శేషం నలభై ఒకటి. మాబున్ని పేరు మొత్తం ఐదు వందల యాభై. శేషం నలభై ఒకటే. ఆమె నాకంటే రెండేళ్ళు ముందు పుట్టి ఆ గడిలో కూర్చుంది. అందుకని నన్ను పక్క గడిలో, నలభై రెండులో కూర్చోబెట్టారు. గాలి గొట్టం మొదట తగిలేది నలభై ఒకటో గదికి. మిగిలింది నాకు వస్తుంది. ఈ మాట నేను ఆమెతో చాలాసార్లు అన్నాను.

తలుపు నా పేరు వినగానే నలభై ఒకటో గడికి పోతుంది. అక్కడ నా పేరే ఉంటే సరి. వేరే పేరు ఉంటే పక్క గడి చూస్తుంది. "పోయినారు" అన్న గుర్తు ఉన్నా పక్క గడి చూస్తుంది. ఏమీ లేని గడి కనిపిస్తే అక్కడితో ఆగి, ఆ పేరు మనిషి లేరు అంటుంది. ప్రతిసారీ ఐదు వందల గడులూ వెతకకుండా ఉండటానికి తొలివాళ్ళు పెట్టిన పద్ధతి ఇది. మంచి పద్ధతి.

కానీ ఆ "పోయినారు" గుర్తు కింద పోయినవాళ్ళ గొంతు, వివరం అలాగే చోటు పట్టుకుని ఉంటాయి. డిస్కులో నాలుగో వంతు పోయినవాళ్ళే. పంపు లెక్క రాయడానికి చోటు లేక పోయిన నెల రెండు రోజులు నీళ్ళు ఆగాయి. వృథా తగ్గించాలని సభలో గట్టిగా అడిగినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఈ రోజుకీ అది సరైన మాటే. మంగళవారం దస్తగిరి మొదటి వరుసలో, యాభై గడుల వరకు, పోయినవాళ్ళ గుర్తులు తుడిచేశాడు. మొత్తం ఎనిమిది. వాటిలో వాళ్ళ అమ్మది ఒకటి.

"తుడిచినాక వెనక ఉన్నోళ్ళను ముందుకు జరపాల గదా?" అన్నాను.

"జరపాలంటే అందరినీ లేపి మళ్ళా కూర్చోబెట్టాలవ్వా. దానికి ఇంకో రిజిస్టరు పట్టేంత చోటు కావాల. ఖాళీ అయిన చోటు అయినట్టు పంపు మింగేసింది. మిగిలిన ఏడు గుర్తుల వెనక ఎవరూ లేరు. నీ ముందర మాత్రం మా అమ్మ ఉండె."

"మరి నేను డిస్కులో ఉన్నానా, లేనా?"

"మొదటి నుంచి చివరి దాకా ఒక్కొక్క గడీ చూస్తే ఉండావు. నలభై రెండులో నిక్షేపంగా ఉండావు. తలుపు అట్ల చూడదు."

"గుర్తు మళ్ళీ పెట్టు."

"గుర్తు నేను పెట్టేది కాదవ్వా. మనిషిని తీసేస్తే అదే పడుతుంది. నా చేతిలో ఉండేవి మూడే. బతికినోళ్ళను ఎక్కించడం, పోయినోళ్ళను తీయడం, పడిన గుర్తు తుడవడం."

"అయితే నన్నే కొత్తగా ఎక్కించు."

"ఆఫీసుకు వచ్చి గొంతు ఇయ్యాల. వచ్చినా, ఈ గొంతు ఉందని తోసేస్తుంది. ఒక గొంతుకు ఒకటే పేరు."

అప్పుడు వాడు, నేను అడగని మాట చెప్పాడు. సోమవారం పున్నమి.

ప్రతి పున్నమి మధ్యాహ్నం గాలి యంత్రం గదిగదికీ ఎవరని అడుగుతుంది. లోపలున్నవాళ్ళు పేరు చెప్పాలి. రిజిస్టరులో దొరకని పేరైతే గది ఖాళీ కింద లెక్క. ఖాళీ గదికి గాలి, నీళ్ళు, దీపం ఆగిపోతాయి. చెడుగాలి దూరకుండా తూముకు కూడా ఇనుప రేకు దిగుతుంది. యంత్రాన్ని ఆ పూటకు ఆపమని అడగలేదు. ఆపితే తిరిగి నడిపించడం తెలిసినవాళ్ళు లేరు. మూడు వందల పన్నెండు మంది దాని మీద ఊపిరి పీలుస్తున్నారు.

"రెండో వరుస తుడవొద్దు" అని మాత్రం చెప్పాను. "తుడవనవ్వా" అన్నాడు. వాడు ఏడుస్తున్నాడని తెలిసింది. ముఖం కడుక్కుని పనికి పొమ్మన్నాను.

ద్వాదశి, శుక్రవారం.

గది పొడవు తొమ్మిది అడుగులు, వెడల్పు ఏడు. ఇన్నేళ్ళుగా చిన్నదని అనుకోలేదు. పొద్దున నిద్ర లేచి తూర్పు గోడ వైపు చూస్తూ కూర్చున్నాను. మాబున్ని రోజూ లేవగానే ఆ గోడ మీద తట్టేది. "లేచినావా ఓబుళమ్మా?" అని అరిచేది. నేను నాలుగింటికే లేస్తానని ఆమెకు తెలుసు. అందుకని జవాబు చెప్పేదాన్ని కాదు. ఇప్పుడు గోడ మాట్లాడదు. గాలి గొట్టం చప్పుడు ఒక్కటే.

పదకొండు గంటలకు తిమ్మక్క వచ్చింది. తిమ్మక్క నా మనవరాలు సుంకులమ్మకు అత్త. సుంకులమ్మ తల్లీతండ్రీ లేని పిల్ల, నేనే పెంచాను. పంచమి నాడు ఆడపిల్లను కన్నది. పురిటి గదిలోకి పదకొండో రోజు దాకా అత్త తప్ప ఎవరూ పోకూడదు కాబట్టి బిడ్డను నేనింకా చూడలేదు.

"పెద్దమ్మా, బతికి ఉండావా?"

"డిస్కు లేనంటోంది. నువ్వేమంటావు?"

"నోరు ఉంది కాబట్టి ఉండావనే అంటా." రొట్టె తోసింది. దాని మధ్యలో ఊరుబిండి పచ్చడి పెట్టి చుట్టింది. తిమ్మక్క ఊరుబిండిలో ఉప్పు ఎప్పుడూ ఎక్కువే. తిన్నాను.

"సుంకులుకు చెప్పలేదు కదా?"

"దాచితే దాగుతుందా? ఊరంతా ఇదే మాట. పక్కలో కూర్చుని ఒకటే ఏడుపు. పాప పేరు మాత్రం తేల్చేసింది. నేను మా అమ్మ పేరు అనుకుంటి. ఇనలే. ఓబుళమ్మ అనే పెడతాదంట. 'జేజి ఉన్నా పోయినా ఆ పేరు ఉండాల' అంటాంది."

సంతోషం వేసింది. కూడిక పూర్తయ్యేదాకా ఆ సంతోషం నిలిచింది.

ఆ పేరు శేషం నలభై ఒకటి. గడి ఖాళీగా ఉంది కనుక పాప నేరుగా అందులో కూర్చుంటుంది. ఆ తరువాత తలుపు ఓబుళమ్మ కోసం వెతికితే నలభై ఒకటిలోనే దొరుకుతుంది. గొంతు కలవదు. పేరు దొరికింది కాబట్టి పక్క గడికి పోదు. ఆ పిల్ల బతికి ఉన్నన్నాళ్ళూ తలుపు నన్ను చూడదు.

"ఆ పేరు పెట్టొద్దు" అన్నాను.

"ఏల?"

"పెడితే నా మనవరాలు నా గదికి గోడ కట్టినట్టే."

తిమ్మక్కకు లెక్క చెప్పాను. ఆమె ఓపికగా వినే మనిషి కాదు. అయినా విని, "ఏం పేరు పెడితే తలుపు తెరుచుకుంటుందో అది చెప్పు, అదే పెడదాం" అంది.

ఆమె కోపంగా అన్న ఆ మాటే దారి. నలభై ఒకటో గడి ఖాళీగా ఉండకూడదు. అందులో నా పేరు కాని ఇంకో పేరు, ఏదైనా సరే, కూర్చుంటే తలుపు దాన్ని దాటి నలభై రెండుకు వస్తుంది. ఊళ్ళో మిగతా అందరి గొంతులూ డిస్కులో ఉన్నాయి. లేని గొంతు ఒక్కటే, ఈ పాపది. దస్తగిరిని పిలిపించి అడిగాను. పంపు మింగగా మిగిలినదాంట్లో ఒక్క మనిషికి చోటు ఉందట.

పుట్టినవాళ్ళను పదకొండో రోజుకు ముందు ఎక్కించరు. పసిబిడ్డలు పోతే గుర్తులు పెరిగి చోటు వృథా అవుతుందని తొలివాళ్ళు పెట్టిన నియమం అది. యంత్రం కూడా అంతకు ముందు తీసుకోదు. పంచమి నుంచి పదకొండో రోజు సోమవారం. పున్నమి.

త్రయోదశి, శనివారం.

యంత్రం తొలివాళ్ళు రాసి ఇచ్చిన పేర్లనే తీసుకుంటుంది. రాత్రి దస్తగిరి ఆ పేర్లన్నీ తూము దగ్గర చదివాడు. నేను కూడుతూ, భాగిస్తూ పోయాను. నలభై ఒకటికి వచ్చేవి మూడే. ఒకటి నాది. ఒకటి చిన్నతిరుపాలు, అది మగపేరు, ఆడపిల్లకు యంత్రం తీసుకోదు. మూడోది చదవకుండా వాడు ఆగిపోయాడు.

"చదువు."

"నీకు తెలుసు గదవ్వా."

మాబున్ని.

పోయినవాళ్ళ పేరు ఏడాది తిరిగేదాకా ఎవరికీ పెట్టరు. ఆ ఇంటివాళ్ళు ఒప్పుకుంటే పెట్టవచ్చు. ఆ ఇంట్లో ఇప్పుడు ఉన్నది దస్తగిరి ఒక్కడే. అడగాలి. నేను అడగవలసిన మాటలు మనసులో సర్దుకుంటూ ఉండగానే వాడన్నాడు.

"మా అమ్మ రోజూ గోడ కొడతాండె. ఎప్పుడన్నా పలికినావా అవ్వా?"

"లేదు."

"'ఆమె పలకదురా, కానీ నేను కొట్టంగానే చీపురు చప్పుడు ఆగుతుంది, అంటే ఇన్నట్టే' అంటాండె. నువ్వు బాగుండావని తెలుసుకోడానికే కొడతాండె. నీకు గుండె నొప్పి వచ్చిన కాన్నుంచి."

గుండె నొప్పి వచ్చింది పదిహేనేళ్ళ కిందట. ఆమె అంతకు ముందు నుంచే తట్టేదని నేననుకునేదాన్ని. లెక్క వేసి చూస్తే కాదు.

"పేరు పెట్టుకోండి" అన్నాడు. "అమ్మ గడి అమ్మ పేరుకే పోతుంది గదా. నేను తుడిచింది నా చేత్తోనే మళ్ళా రాస్తా."

తిమ్మక్క ఒప్పుకోవడానికి మధ్యాహ్నం అంతా పట్టింది.

"మా ఇంట్లో ఆ పేరు ఎవరికీ లేదు పెద్దమ్మా."

"సోమవారం నుంచి ఉంటుంది."

"బతికినన్నాళ్ళు ఆమెతో గాలికి కొట్లాడితివి. నీళ్ళకు కొట్లాడితివి. ఇప్పుడు మా పాపకు ఆమె పేరా?"

"అవును."

"సిగ్గు లేదా నీకు?"

"ఉంది. ఇక్కడ నాతో పాటే ఉంది. దానికీ గాలి కావాలి."

తిమ్మక్క నవ్వింది. పోతూ పోతూ, "మాబున్ని ఇనుంటే ఈ గోడ పగిలేటట్టు నవ్వుండు" అంది.

చతుర్దశి, ఆదివారం.

గాలి ఈ రోజు బరువుగా ఉంది. యంత్రం పున్నమికి ముందు రోజు కొంచెం తగ్గించి నడుస్తుంది. నెలనెలా ఇంతే. ఈసారి ప్రతి ఊపిరీ తెలుస్తోంది. రెండుసార్లు తలుపు దగ్గరికి పోయి పేరు చెప్పాను. ఎందుకు చెప్పానో రాయడానికి కారణం లేదు.

మధ్యాహ్నం తూము దగ్గర పసిబిడ్డ ఏడుపు వినిపించింది. సుంకులమ్మ పురిటి గది నుంచి లేచి వచ్చింది. పదో రోజే బయటికి వచ్చినందుకు కోప్పడ్డాను.

"కొట్టు జేజీ, చెయ్యి అందితే" అంది. తూములో చెయ్యి పెట్టింది. నేనూ పెట్టాను. వేళ్ళ కొసలు తగిలాయి. దానికి జ్వరం లేదు. అది చూసుకున్నాను.

"నీ పేరు పెట్టాలని నేను పుట్టకముందు నుంచే అనుకుంటి" అంది.

"నువ్వు పుట్టకముందు ఎట్ల అనుకుంటావు? సరిగ్గా మాట్లాడు."

అది ఏడుస్తూనే నవ్వింది. "సరే, పాప పుట్టకముందు. నీ పేరు పోతే ఎట్ల జేజీ?"

"నా పేరు నలభై రెండులో ఉంది. ఎక్కడికీ పోలేదు. దాని ముందర ఒక మనిషి కూర్చుంటే చాలు."

అప్పుడు తిమ్మక్క ముహూర్తం మాట ఎత్తింది. అయ్యవారు నామకరణం మధ్యాహ్నం మూడింటికి పెట్టాడట. యంత్రం పన్నెండింటికే అడుగుతుంది. ముహూర్తం మారదంటాడట. మారనక్కరలేదు. ఉయ్యాల, పాటలు, చెవిలో పేరు చెప్పడం మూడింటికే చేసుకోవచ్చు. రిజిస్టరులో ఎక్కడం మాత్రం పొద్దున జరగాలి. ఇంకో చిక్కు దస్తగిరి చెప్పాడు. యంత్రం బిడ్డ గొంతు పట్టాలంటే మూడు గట్టి ఏడుపులు కావాలి. నిద్రలో ఉన్న బిడ్డ, కడుపు నిండిన బిడ్డ ఏడవదు. పోయినేడు ఒక బిడ్డను ఎక్కించడానికి సాయంత్రం దాకా పట్టిందట.

"గిల్లితే?" అంది తిమ్మక్క.

"గిల్లితే నీ చెయ్యి ఇరుస్తా" అంది నా మనవరాలు. అత్తతో ఇంతవరకు అట్లా మాట్లాడలేదు.

ఇప్పుడు దీపం తగ్గించారు. రేపు జరగవలసినవి కింద రాసి, ఈ కాగితం ఒక్కటి నకలు తీసి తూములోంచి పంపుతున్నాను. ఎవరూ సొంత తెలివి కలపకూడదు.

1. పాపకు తెల్లవారుజామున పాలు ఇచ్చి, పొద్దుటి గంట తరువాత ఆపాలి. ఆఫీసు తలుపు తెరిచేసరికి బిడ్డకు ఆకలి వేసి ఉండాలి. సుంకులమ్మ దగ్గరే ఉండాలి కానీ ఎత్తుకోకూడదు. తల్లి వాసనకు ఊరుకుంటుంది. తిమ్మక్క ఎత్తుకోవాలి.

2. గొంతు పట్టిన మరుక్షణం పాలు పట్టాలి. ఏ కాగితం మీద వేలిముద్ర కోసమూ బిడ్డను ఆపకూడదు.

3. పేరు దస్తగిరి తన నోటితో చెప్పాలి, ఒక్కసారే, స్పష్టంగా. ఎక్కిన గడి సంఖ్య పైకి చదవాలి. నలభై ఒకటి కాకపోతే ఏమీ చేయకుండా వచ్చి నాకు చెప్పాలి.

4. నలభై ఒకటి అయితే ఎవరో ఒకరు పరుగెత్తుకొచ్చి తూములో కేకేయాలి. అప్పుడే నేను తలుపుకు పేరు చెబుతాను.

5. పంపు లెక్కల్లో ఏడాది దాటినవి పలకల మీదికి ఎక్కించి, ఆ చోటంతా ఖాళీ చేయాలి. ఆ చోటులో రిజిస్టరును మొదటి నుంచి చివరి దాకా తిరిగి కూర్చోబెట్టాలి. అంతవరకు ఒక్క గుర్తు కూడా తుడవకూడదు. వృథా తగ్గించవలసిందే, వెనక ఎవరున్నారో చూసుకుని తగ్గించాలి.

6. ఏదైనా తప్పి, మధ్యాహ్నం గంట కొట్టేసరికి తలుపు తెరుచుకోకపోతే, తూము దగ్గర ఎవరూ చెయ్యి పెట్టకూడదు. రేకు వేగంగా దిగుతుంది. సుంకులమ్మను అంతకు ముందే అక్కడి నుంచి తీసుకుపోవాలి. బిడ్డ పేరు మాత్రం మార్చకూడదు.

7. తలుపు తెరుచుకుంటే పాపను నా చేతికి ఇవ్వాలి. మూడింటి దాకా ఆగను. పేరు పెట్టి మొదట పిలిచేది నేను. తూర్పు గోడ దగ్గర నిలబడి పిలుస్తాను, అవతలికి వినపడేటంత గట్టిగా.